మాంగనీసు నేలలో వ్యామ్ మేలా, ట్రైకోడెర్మా మేలా?

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి పరిసరాల్లో 1890ల నుంచి మాంగనీసు తవ్వుతున్నారు. గనుల మట్టిగుట్టలకు దిగువనున్న మెట్టల్లో వాన వెలిశాక నడిస్తే చెప్పులకు అంటిన మట్టిలో నల్లటి రాతి నలుసులు కనిపిస్తాయి. వాటిలోని మాంగనీసు ఆక్సైడుగా ఉన్నంతకాలం పైరుకు పెద్ద హాని లేదు. నేల ఉదజని సూచిక (పీహెచ్) 5.5 కంటే దిగినా, నీరు నిలిచి వేళ్లకు గాలి ఆడకపోయినా అది కరిగి మొక్కలోకి ఎక్కుతుంది. అప్పుడు ముదురాకులపై గోధుమరంగు చుక్కలు పడతాయి, ఇనుము అందక లేతాకులు పాలిపోతాయి.

ఇటువంటి నేలకు వ్యామ్ (వెసిక్యులార్ ఆర్బస్కులార్ మైకోరైజా) అనే జీవన ఎరువు కొనాలా, ట్రైకోడెర్మా కొనాలా? రెండూ శిలీంధ్రాలే అయినా చేసే పనులు వేరు. వ్యామ్ వేరు లోపల కాపురముండి, మొక్క ఇచ్చే చక్కెరలతో బతుకుతూ, నూలుపోగు కంటే ఎంతో సన్నని తన పోగులను వేరు నూగు అందుకోలేని దూరానికి చాపుతుంది. భాస్వరం, జింకు నేలలో దాదాపు కదలవు కనుక వాటిని ఎవరో ఒకరు వెళ్లి తేవలసిందే. ఆ పని ఈ పోగులది. లోహం మితిమీరిన చోట కొంత భాగాన్ని అవి తమలోనే పట్టి ఉంచి, ఆకులకు చేరేదాన్ని తగ్గించినట్టు పలు ప్రయోగాల్లో తేలింది, అయితే పంటను, లోహాన్ని బట్టి ఫలితం మారుతుంది.

ట్రైకోడెర్మా బలమంతా వేరుకుళ్లు, మొదలుకుళ్లు వంటి తెగుళ్లను అణచడంలో ఉంది. వేరుశనగలో తెగులు ఏటా వచ్చే పొలమైతే, 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి వృద్ధి చేసి వేయడానికి నాకు అభ్యంతరం లేదు. కాని 1999లో వెలువడిన ఒక పరిశోధనలో ట్రైకోడెర్మా హార్జియానమ్ రాతి ఫాస్ఫేటుతోపాటు మాంగనీసు డయాక్సైడును కూడా కరిగించింది. కొరత ఉన్న నేలలో అది వరమే. ఇక్కడైతే గట్టిగా ఉన్న మాంగనీసును కరిగించి వేళ్లకు అందించడమవుతుంది. ప్రయోగశాలలో జరిగిందంతా పొలంలో జరగాలని లేదు, అయినా తెగులు లేనిచోట ఆ సాహసం అనవసరం.

కాబట్టి మొక్కజొన్న, చోడి, గోగు పంటలకు నా ఓటు వ్యామ్‌కే. ఆవకు, తోటకూరకు మాత్రం దండగ, ఆ వేళ్లతో అది పొత్తు కుదుర్చుకోదు. భాస్వరం ఉన్న డీఏపీ బస్తాలు దండిగా కుమ్మరించినా, విత్తనానికి కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పట్టించినా వ్యామ్ పని సన్నగిల్లుతుంది. పైన చల్లకుండా విత్తనం కింద సాలులో పడేలా వేయాలి; అంతకుముందే మురుగుకాలువ తీసి, భూసార పరీక్షలో ఆమ్లం తేలితే సున్నం వేసి ఉండాలి.