పొయ్యి లేని సద్దిమూట: ఆరేళ్ల వాడకం తర్వాత నిలిచినవి, చిరిగినవి

రోజుల తరబడి సాగే కాలినడకలకు మోసుకెళ్లే తిండి, పడక, సరంజామా గురించి తీర్పు ముందే చెప్పేస్తాను. పొయ్యి మానేయడం గెలిచింది. టెంటు బదులు కట్టే సిల్పాలిన్ ప్లాస్టిక్ పట్టా పాసైంది. ప్యాకింగు ఫోమ్ చాపకు సగం మార్కులే. గొంగడి మీద ఎంత ప్రేమ ఉన్నా అది బరువు దగ్గర ఓడిపోయింది. ఇవన్నీ హైదరాబాద్‌లోని బేగంబజార్, రాణీగంజ్, గల్లీ కిరాణా కొట్టు, మెడికల్ షాపు దాటకుండా దొరికే వస్తువులు. వాడినది రెండు రకాల దారుల్లో: వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం ఎక్కే నల్లమల కాలిబాట, నాలుగైదు రోజులు సాగే హిమాలయ దారులు. మొదటిది ఎండ, ముళ్లు, నీటి కరువు. రెండోది చలి, వాన.

పొయ్యి ఎందుకు వద్దంటే రుచికంటే ముందు రైలు సంగతి చూడాలి. సికింద్రాబాద్‌లో రైలెక్కేవాడు గ్యాస్ డబ్బా గానీ కిరోసిన్ గానీ వెంట తీసుకెళ్లకూడదు. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద అది నేరం. దిగిన ఊళ్లో మన బర్నర్‌కు బిగిసే మరలున్న గ్యాస్ డబ్బా దొరుకుతుందన్న భరోసా లేదు. నల్లమలలోనైతే ఎండాకాలం ఆకులన్నీ రాలి గలగలలాడుతుంటాయి, నిప్పు పెట్టడం అసలు కుదరదు. పెద్దపులుల అభయారణ్యం కాబట్టి నడకకూ రాత్రి బసకూ అటవీ శాఖ అనుమతి ఉండాల్సిందే. శివరాత్రికీ ఉగాదికీ ఆ దారిన నడిచే భక్తుల మూటలు చూస్తే పొయ్యి లేకుండా నడవడం కొత్తేమీ కాదని తెలుస్తుంది. బర్నర్, చిన్న గ్యాస్ డబ్బా, గిన్నె, లైటర్ కలిపి ముప్పావు కిలో దాకా తూగుతాయి. ఆ బరువులో ఒక రోజు తిండి మొత్తం పడుతుంది.

తిండిలో అసలు పని అటుకులది. లావు అటుకులే కొనాలి. పేపర్ అటుకులు నీళ్లు తగలగానే జావ అవుతాయి. ఒక పూటకు 75 గ్రాముల అటుకులు, 110 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల కందిపొడి, రెండు చెంచాల నువ్వుల నూనె, చిటికెడు నిమ్మ ఉప్పు, తగినంత ఉప్పు. నానబెట్టడానికి ఖాళీ పల్లీ వెన్న (పీనట్ బటర్) డబ్బా చాలు. మూత బిగుతుగా ఉంటుంది, వెడల్పు మూతి కాబట్టి చెంచా అడుగు దాకా వెళ్తుంది. నీళ్లూ ఉప్పూ ముందు వేసి పావుగంట ఆగాలి, పొడీ నూనే తర్వాత. నూనె ముందే పోస్తే అటుకులకు పొరలా పట్టుకుని నీళ్లు సరిగా పీల్చవు, మధ్యలో గట్టిగా పంటికి తగులుతాయి. పోపు ఇంట్లోనే పెట్టుకోవాలి: ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేయించి, నూనె వడకట్టి, కాగితం మీద ఆరబెట్టి చిన్న సీసాలో నింపితే వారం దాకా కరకర పోదు. ఈ పొడి పోపు 30 గ్రాములుంటే ఐదు రోజులకు సరిపోతుంది, చల్లటి తిండి తింటున్నామన్న దిగులు సగం తగ్గుతుంది.

నానబెట్టడంలో పనికిరానివి కూడా చెప్పాలి. ఉప్మా రవ్వ ఎంత వేయించినా చన్నీళ్లలో ఉడకదు, ఇసుకలా నములుతుంటాం, తర్వాత కడుపుబ్బరం. పచ్చి పప్పు సంగతి చెప్పనక్కర్లేదు. ప్యాకెట్ నూడుల్స్ మాత్రం అరగంటలో మెత్తబడతాయి, ఎందుకంటే వాటిని కర్మాగారంలోనే ఆవిరి పట్టి నూనెలో వేయించి ఉంటారు. చల్లగా తింటే రుచి అంతంతే.

ఉదయానికి సత్తు పిండి. సద్దుల బతుకమ్మ నాడు పంచే నువ్వుల సత్తు, పల్లీల సత్తు, రొట్టెను బెల్లంతో నలిపి చేసే మలీద, తొలి ఏకాదశి నాటి పేలాల పిండి: వీటిని ప్రసాదాలుగానే చూస్తాం గానీ నిప్పు అవసరం లేని నడక తిండిగా చూడం. మలీద చేసేటప్పుడు రొట్టెను మామూలుకంటే ఎక్కువసేపు, తేమ పోయేదాకా కాల్చాలి. మెత్తటి రొట్టెతో చేస్తే మూడో రోజుకు బూజు. పుట్నాల పొడి 100 గ్రాములు, బెల్లం 30 గ్రాములు, 350 మిల్లీలీటర్ల నీళ్లు సీసాలో బాగా కుదిపితే నడుస్తూనే తాగొచ్చు. పొడి ముందు వేసి నీళ్లు తర్వాత పోస్తే పొడి అడుగున ముద్ద కట్టి ఊడి రాదు. సగం నీళ్లు, పొడి, మళ్లీ నీళ్లు: ఇదీ వరస. మొదటిసారి తాగేవాళ్లకు గ్యాస్ పడుతుంది. బయల్దేరడానికి వారం ముందు నుంచి ఇంట్లో కొంచెం కొంచెం అలవాటు చేసుకోవాలి, చెంచాడు వేయించిన వాము పొడి కలిపితే ఇంకా మేలు.

రోజు లెక్క ఇలా తేలింది. అటుకులు 150, పుట్నాల పొడి 100, పల్లీలు 100, నువ్వుల ఉండలు 100, బెల్లం 60, ఎండు ఖర్జూరం 60, నూనె లేదా నెయ్యి 40 గ్రాములు. మొత్తం 610 గ్రాములు, సుమారు 2700 కేలరీలు. పొడులూ ఉప్పూ మరో 25 గ్రాములు. ఐదు రోజులకు 3.2 కిలోల లోపే. ఎక్కువ ఎక్కే దారైతే పల్లీలు పెంచాలి గానీ అటుకులు కాదు. 100 గ్రాముల పల్లీల్లో 567 కేలరీలుంటే అటుకుల్లో 350 దాటవు.

ఎక్కడ చెడుతుంది? మొదట కొబ్బరి. ఎండుకొబ్బరి కలిపిన పొడి ఏదైనా మే నెల ఎండలో బ్యాగులో నాలుగు రోజులుంటే కనరు వాసన వస్తుంది. పల్లీలు గింజగా ఉంటే నెల ఆగుతాయి, పొడి కొడితే నూనె గాలికి తగిలి రెండు వారాలకే రుచి మారుతుంది. అందుకే పల్లీల సత్తు మొదటి మూడు రోజుల్లోనే తినెయ్యాలి. నెయ్యి చలిలో గడ్డకట్టి సీసా మూతిలో ఇరుక్కుంటుంది, ఎండలో నీళ్లై కారుతుంది. నువ్వుల నూనెకు రెండు బాధలూ లేవు, త్వరగా కనరెక్కదు కూడా. ఆవకాయ వద్దు. నూనె బట్టలకు పడితే వదలదు, ఆ వాసన మనకంటే ముందు ఎలుగుబంటికి అందుతుంది. కోతులకైతే వాసనతో కూడా పని లేదు, ప్లాస్టిక్ కవరు చప్పుడు చాలు. తిండి గుడ్డ సంచుల్లో కట్టుకుంటే సద్దిమూట అన్న మాటకూ అర్థం నిలుస్తుంది.

మూడో రోజుకు నాలుక తీపి వద్దంటుంది. సకినాలు అప్పుడు ఆదుకుంటాయి. విరిగి నూకలైనా పర్వాలేదు, అటుకుల మీద చల్లుకోవచ్చు. ఇంకొకటి, ఎవరూ పైకి చెప్పనిది: ఈ పొడి తిండి మీద రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగకపోతే మలబద్ధకం తప్పదు. ఖర్జూరం లెక్కలో ఉన్నది రుచి కోసం కాదు. చెమటకు పానకం పొడి: 100 గ్రాముల బెల్లం పొడికి చెంచా మిరియాల పొడి, అరచెంచా శొంఠి, అరచెంచా ఉప్పు. లీటరుకు మూడు చెంచాలు. ఇది అలసటకే. విరేచనాలు పట్టుకుంటే మాత్రం పానకంతో సరిపెట్టకూడదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలపాలి, లేదంటే లీటరు శుభ్రమైన నీటికి తలకొట్టి కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. 3500 మీటర్లు దాటాక వాగు నీళ్లు మంచులా ఉంటాయి. అటుకులు నానడానికి పావుగంట కాదు, నలభై నిమిషాలు పడుతుంది. అంతకుముందు మజిలీ దగ్గరే నానబోసి డబ్బాను చొక్కా లోపల పెట్టుకుని నడిస్తే అది తీరుతుంది. కానీ వణికే ఒంటికి వేడి నీళ్లు కావాలి, మంచు కరిగించి తాగాల్సిన చోటైతే పొయ్యి లేకపోవడం ప్రాణం మీదికి తెస్తుంది. దారిలో టీ కొట్లు, ఇళ్లు లేని ఎత్తైన దారికి ఈ సమీక్షలోని సలహా వర్తించదు.

నీళ్ల సీసాకు డబ్బు పెట్టడం దండగ. స్టీలు సీసా 300 గ్రాములు తూగితే కూల్‌డ్రింక్ సీసా 40 లోపే. పలుచటి మంచినీళ్ల సీసాకంటే కూల్‌డ్రింక్ సీసాయే మేలు: గోడ మందం, మూతి 28 మిల్లీమీటర్లు. సీసాను పిండి నీళ్లు వడకట్టుకునే రకం ఫిల్టర్లు ఎక్కువగా ఆ మూతికే బిగుస్తాయి. మంచినీళ్ల సీసాల మూతులు వేర్వేరు కొలతల్లో వస్తాయి కాబట్టి ఇంట్లోనే బిగించి చూసుకోవాలి. ఫిల్టర్ ఒక్కసారి గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు చిట్లుతాయి, పైకి ఏమీ కనపడదు. చలి రాత్రి దాన్ని కవర్లో చుట్టి దుప్పట్లోనే పెట్టుకోవాలి.

నల్లమల కుంటల్లో వేసవి నీళ్లు టీ రంగులో ఉంటాయి. ఫిల్టర్ పది నిమిషాల్లో పూడుకుపోతుంది. ఇక్కడ చిల్లగింజ నిజంగా పనిచేస్తుంది. గరుకు రాయి మీద కొద్ది నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని రెండు లీటర్ల నీళ్లలో కలిపి కదపకుండా గంటసేపు ఉంచితే మట్టి అడుక్కి దిగుతుంది. పై తేటను దస్తీ మడతల్లోంచి వంచుకోవాలి. పోయేది మట్టే, క్రిములు కాదు. క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాల్సిందే. బురద నీళ్లలో నేరుగా బిళ్ల వేస్తే క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది. వరస తప్పితే రెండూ దండగ.

ఇక పడక. టెంటు బదులు 90 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 90 గ్రాములు) సిల్పాలిన్, 9 అడుగులకు 12 అడుగులు. చదరపు మీటర్లను జీఎస్‌ఎంతో గుణిస్తే బరువు వస్తుంది: పది చదరపు మీటర్లు, 900 గ్రాములు, ఇద్దరికి చాలు. ముందు పోయేవి అంచుల్లో తాడు దూర్చే రేకు కళ్లు. రెండో గాలివానకే రేకు ఊడి వస్తుంది. వాటిని నమ్మకుండా, మూలలో గోలీ సైజు గులకరాయిని పట్టాలో చుట్టి దాని మెడకు తాడు బిగిస్తే చిరిగే ప్రశ్నే లేదు. తాడు నైలాన్ వద్దు. తడిస్తే సాగుతుంది, అర్ధరాత్రి పట్టా ముఖం మీదికి దిగుతుంది. మూడు మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు తీసుకోవాలి. ఎండకు పట్టా రెండేళ్లలో మడతల దగ్గర పెళుసెక్కుతుంది, మార్చెయ్యాలి. దోమలకూ పిడుదులకూ పట్టా అడ్డం కాదు, పావు కిలో దోమతెర వేరే మోయాలి. కింద పరచడానికి ఎన్నికల ఫ్లెక్సీ ఉచితంగా దొరుకుతుంది, కానీ మనిషి పడుకునే ముక్కే అరకిలో దాటుతుంది. నాయకుడి ముఖం మీద పడుకునే సరదా ఒక్కటే లాభం.

చాపకు తెల్లటి ప్యాకింగు ఫోమ్ (ఈపీఈ), పది మిల్లీమీటర్ల మందం, మనిషి పొడవుకు 200 గ్రాములే. మొదటి పది రాత్రులు హాయి. తర్వాత నడుము కింద గాలి గదులు చితికి కాగితమైపోతుంది. మధ్య భాగానికి మాత్రం రెండో పొర వేసి టేపు అంటిస్తే మరో పది రాత్రులు లాగొచ్చు. ఏడాదికి మూడుసార్లు వెళ్లేవారు నేరుగా గట్టి రకం ఫోమ్ ఎక్స్‌ఎల్‌పీఈ కొనడమే లాభం.

గొంగడి గురించి. దక్కనీ గొర్రె ఉన్ని, చింతగింజల గంజి పట్టించిన నేత. తలమీదుగా కుచ్చుగా కప్పుకుంటే సన్నటి వాన జారిపోతుంది, తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది, నిప్పురవ్వ పడితే కరగదు. కానీ పొడిగా రెండున్నర కిలోలు, గట్టి వానలో తడిస్తే భుజం ఒప్పుకోదు. ఒక రాత్రి, బస్సు దిగిన చోటికి దగ్గర్లో బస అయితే దానికి మించింది లేదు. రోజుల నడకకు మూడు మడతల గొడుగు, 350 గ్రాములు, ఎండకూ వానకూ అదే. రెయిన్‌కోటు లోపల చెమటతో తడిసేకంటే ఇది నయం, అయితే ముళ్లకంపల దారిలో బట్ట చీలుతుంది, గుట్ట అంచున గాలికి తిరగబడుతుంది. బ్యాగుకు పైతొడుగు కొనొద్దు. నీళ్లు వీపు వైపు నుంచే దిగుతాయి. లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి మూతి మెలితిప్పి కట్టడమే పనికొచ్చేది.

కాళ్లకు మెడికల్ షాపులో దొరికే అంగుళం మైక్రోపోర్ టేపు. బొబ్బ లేచాక కాదు, చర్మం వేడెక్కుతోందని తెలిసిన నిమిషంలోనే మడమకు అంటించాలి. ఆరబెట్టిన చర్మానికి, మూలలు గుండ్రంగా కత్తిరించి. చదరంగా ఉంటే సాక్సుకు తట్టుకుని మూల లేస్తుంది, కింద ఇసుక చేరుతుంది. తీసేటప్పుడు పొడిగా లాగితే చర్మంతో సహా వస్తుంది. అటుకుల కోసం తెచ్చిన నువ్వుల నూనె రెండు చుక్కలు రాసి ఐదు నిమిషాలాగితే దానంతటదే వదులుతుంది.