నేత్రదానమా, దేహదానమా?

పోయాక కూడా ఎవరికో పనికిరావాలనుకునేవాళ్లకి ఎదురయ్యే ప్రశ్న ఇది.

ఖర్చు: కళ్లకి పైసా అక్కర్లేదు, ఐబ్యాంకు వాళ్లే ఇంటికొస్తారు. దేహానికి వాహనం ఎవరిదో, దాన్ని తీసుకునే వైద్య కళాశాలని ముందే అడగాలి.

సమయం: కళ్లకి గడువు 6 గంటలు. ఆలోగా ఫోన్ చేసి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు వేస్తే చాలు. తడి ఆరితే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పాడవుతుంది, ఫ్యాన్ ఆపమనేది అందుకే. తీయడానికి అరగంట పట్టదు, ముఖం వికారంగా మారదు. ఆపై దహనం మామూలుగానే. దేహమైతే వైద్య కళాశాల అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్ర) విభాగానికి మరణ ధ్రువపత్రంతో అప్పగించాలి. ఆలస్యమైతే ఫ్రీజర్ బాక్సు కావాలి.

తిరస్కరణ: హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్ ఉంటే రెండూ కుదరవు. షుగర్, కళ్లద్దాలు, శుక్లాల ఆపరేషన్ నేత్రదానానికి అడ్డు కావు. పోస్టుమార్టం జరిగిన దేహాన్ని మాత్రం కాలేజీలు తీసుకోవు.

ఇంట్లోవాళ్లు: అసలు చిక్కు ఇక్కడే. మీరు ప్రతిజ్ఞాపత్రం రాసిచ్చినా, ఆ రోజు సంతకం పెట్టేది వాళ్లే. ఒక్క కొడుకు అడ్డం తిరిగితే కాగితం బీరువాలోనే ఉంటుంది. దేహదానంలో అస్థికలు మిగలవు కాబట్టి కర్మకాండ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

దహనం తప్పదనే ఇంట్లో నేత్రదానం. పిల్లలు ఒప్పుకుని, వైద్య కళాశాల దగ్గర్లో ఉంటే దేహదానం. నిజానికి రెండూ చేయొచ్చు: ముందు కళ్లు, తర్వాత దేహం. కళ్లు లేవని కాలేజీలు సాధారణంగా కాదనవు.