ఊపిరి లెక్కపెట్టడం నేర్పిన మారతహళ్ళి క్లాసు

మాది మదనపల్లె దగ్గర పల్లె. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసి బెంగళూరు వచ్చి ఆరేళ్ళయింది, సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. మారతహళ్ళిలో ఒక మందుల షాపు పైన, రెండో అంతస్తులో, రిటైరైన నర్సింగ్ టీచరొకావిడ ఆదివారాలు హెల్త్ అసెస్‌మెంట్, అంటే పేషెంట్‌ని పరీక్షించి చూసే పద్ధతుల క్లాసు చెప్తారు. ఎనిమిది ఆదివారాలు, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. ఫీజు 6,500 రూపాయలు. మా బ్యాచ్‌లో పద్నాలుగు మందిమి, సగానికి పైగా తెలుగువాళ్ళమే. మేడమ్‌ది నెల్లూరు. పాఠం ఇంగ్లీషులో మొదలవుతుంది, మా మొహాలు చూసి తెలుగులోకో కన్నడంలోకో మారుతుంది. పోయిన వారం మా బ్యాచ్ అయిపోయింది. చేరొచ్చా అక్కా అని వార్డులో చిన్న నర్సులు అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను ఎందుకు చేరానో ముందు చెప్పాలి. రెండేళ్ళ కిందట వేరే ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉన్నాను. పొట్ట ఆపరేషన్ అయిన ఒకాయన, అది రెండో రాత్రి. పది గంటలకు నాడి 88, పై బీపీ 126. ఒంటిగంటకు 104, 116. నాలుగింటికి 118, 104. మూడుసార్లూ చార్టులో నిమిషానికి ఎన్ని ఊపిర్లో రాసే గడిలో 20 అని రాశాను. లెక్కపెట్టి రాసింది కాదు. అందరూ 20 రాసేవాళ్ళు, నేనూ రాశాను. ఆయన మాత్రం రాత్రంతా "ఏదో గాబరాగా ఉందమ్మా" అంటూనే ఉన్నారు. నిద్ర పట్టక అలా అంటున్నారనుకున్నాను. ఆరింటికి డ్యూటీ డాక్టర్ వచ్చి లెక్కపెడితే ఊపిరి 28. లోపల రక్తం కారుతోంది. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారు. బతికి ఇంటికెళ్ళారు. ఆ మూడు 20లు నా చేతిరాతతో ఆ చార్టులో ఉన్నాయి.

మొదటి ఆదివారం పుస్తకం తెరవనే లేదు. పక్కనున్నవాళ్ళ ఊపిరి లెక్కపెట్టండి అన్నారు మేడమ్. ఎవరో మన ఊపిరి చూస్తున్నారని తెలియగానే అది మారిపోతుంది, అందరికీ నవ్వొచ్చింది. అప్పుడు తను వచ్చి నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే నిలబడ్డారు. నేను నాడే అనుకున్నాను. నిమిషం అయ్యాక "నీది 14" అన్నారు. నాడి చూశాక కూడా చెయ్యి వదలకూడదు, చూపు మాత్రం ఛాతీ మీదికి మార్చాలి, పూర్తిగా అరవై సెకన్లు. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో చేసి చూస్తేనే తెలుస్తుంది. తర్వాత పద్నాలుగు మంది అంకెలూ బోర్డు మీద రాశారు. 13, 17, 15, 19, 12... ఒక్కరికీ 20 రాలేదు.

నాలుగో ఆదివారం న్యూస్2 స్కోరు, అంటే పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని ముందే పట్టుకునే లెక్క. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించింది. ఊపిరి, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, నాడి, స్పృహ, టెంపరేచర్ – ఒక్కోదానికి మార్కులు వేసి కూడతారు. మీరు చూసిన కేసు ఏదైనా పేరు లేకుండా చెప్పండి అన్నారు. నేను ఆ రాత్రిది చెప్పాను. నాలుగింటి అంకెలు నా చేతే బోర్డు మీద వేయించారు. నాడి 118కి 2, బీపీ 104కి 1, ఊపిరి 20కి సున్నా, మిగతావన్నీ సున్నా. మొత్తం 3. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చూస్తే చాలన్న లెక్కలోకి వస్తుంది. మేడమ్ డస్టర్ తీసుకుని 20 చెరిపేశారు. "అప్పుడు నిజంగా 26 ఉండి ఉంటే?" 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 3 మార్కులు, మొత్తం 6. మొత్తం ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌ని వెంటనే పిలవాలి, గంటకోసారైనా చూడాలి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేడమ్ ఏమీ అనలేదు. చాక్‌పీస్ నా చేతిలోనే ఉంచి "ఆ గాబరా ఎక్కడ రాశావమ్మా?" అని అడిగారు. ఎక్కడా రాయలేదు. రక్తం తగ్గుతుంటే మనిషిలో ముందుగా కనిపించే గుర్తుల్లో ఆ గాబరా ఒకటి అని అప్పుడు వివరంగా చెప్పారు.

క్లినికల్ రీజనింగ్ అంటే ఏదో పెద్ద సబ్జెక్ట్ అని భయపడేదాన్ని. అమెరికా నర్సింగ్ ప్రొఫెసర్ క్రిస్టీన్ టానర్ 2006లో చెప్పిన నాలుగు మెట్లు మేడమ్ మాకు నేర్పారు: గమనించడం, దాని అర్థమేంటో ఆలోచించడం, చేయాల్సింది చేయడం, చేశాక ఏమైందని వెనక్కి చూసుకోవడం. ఏ కేసు చెప్పినా "అది కాకపోతే ఇంకేమై ఉండొచ్చు?" అని అడగకుండా వదలరు. నేను మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేదాన్ని. అంకెలు రాస్తే పని అయిపోయిందనుకునేదాన్ని.

నాకు బాగా నచ్చిన ఇంకో పాఠం నొప్పి గురించి. మనవాళ్ళు నొప్పి అని ఊరుకోరు కదా. పోటు అంటారు, సలుపు అంటారు, మంట, పీకు, తిమ్మిరి, బరువు అంటారు. ఇవన్నీ మనం ఇంగ్లీషులో 'పెయిన్' అని ఒక్క మాట రాసి మింగేస్తున్నాం. పేషెంట్ అన్న మాట అన్నట్టే రాయండి, తర్వాత ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎటు పాకుతోంది, దేనితో పెరుగుతోంది అని అడగండి అన్నారు. ఛాతీలో "బరువు పెట్టినట్టుంది" అన్నవాళ్ళని నొప్పి లేదు కదా అని వదిలేయొద్దని గట్టిగా చెప్పారు.

పొట్ట పరీక్షలో వరస ఎందుకు మారుతుందో కూడా ఇక్కడే అర్థమైంది. మిగతాచోట్ల చూడటం, తాకడం, తట్టడం, వినడం. పొట్టకి మాత్రం చూశాక వినాలి, ఆ తర్వాతే తట్టడం, తాకడం. ముందే నొక్కితే పేగుల శబ్దం మారిపోతుంది. చదువుకునేటప్పుడు బట్టీ పట్టాను, కారణం ఎవరూ చెప్పలేదు. మన చామనఛాయ ఒంటి మీద పాలిపోవడం ఎలా పట్టుకోవాలో కింది రెప్ప లోపల, నాలుక మీద, అరచేతుల్లో చూపించారు. గోళ్ళకి రంగున్నా, గోరింటాకు దట్టంగా పండినా ఆక్సిజన్ మీటర్ అంకెని అనుమానించాలట, వేలు మార్చి చూడాలట.

లోపాలూ ఉన్నాయి. నరాల పరీక్ష మొత్తం ఒక్క ఆదివారంలో పరిగెత్తించారు. స్పృహ కొలిచే గ్లాస్గో స్కేల్ బాగానే చెప్పారు కానీ పన్నెండు జతల కపాల నరాలు నలభై నిమిషాల్లో అయిపోయాయి, ఇంకో వారం ఇవ్వాల్సింది. ఊపిరితిత్తుల శబ్దాలు స్పీకర్‌లో వినిపించారు. కింద రోడ్డు మీద హారన్ల మోత, క్రాకిల్స్ అనే సన్నని చిటపట శబ్దాలు నాకసలు వినపడలేదు. ప్రాక్టీసు చేసే మనిషి బొమ్మ ఒక్కటే ఉంది, దాని దగ్గర క్యూ. పిల్లల పరీక్ష, గర్భిణుల పరీక్ష సిలబస్‌లో లేవు, అవి కావాల్సినవాళ్ళు ముందే కనుక్కోండి. సర్టిఫికెట్ ఇస్తారు గానీ దాన్ని చూసి జీతం పెరుగుతుందని చేరకండి.

ఇప్పుడు నా పని మారింది. మా వార్డు చార్టులో ఆ స్కోరు గడి లేదు, అందుకని చిన్న కార్డు మీద రాసుకుని యూనిఫామ్ జేబులో పెట్టుకున్నాను. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఒకప్పటిలా "సార్, పేషెంట్ బాలేరు" అని మొదలుపెట్టను. ఏ బెడ్, ఏ ఆపరేషన్, నాడి ఇంత నుంచి ఇంతకి, ఊపిరి ఇంత, రక్తం పోతోందేమోనని నా అనుమానం, మీరు వచ్చి చూడాలి. అర నిమిషం పట్టదు. పోయిన నెలలో రెండుసార్లు ఇలా చెప్పాను, రెండుసార్లూ డాక్టర్ పది నిమిషాల్లో వచ్చారు.

జీఎన్ఎం అయినా బీఎస్సీ అయినా, డ్యూటీలో చేరి ఏడాది రెండేళ్ళయినవాళ్ళని ఈ క్లాసులో తప్పకుండా చేరమనే చెప్తాను. స్టెతస్కోప్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. సెకన్ల ముల్లున్న వాచీ కూడా పెట్టుకుని రండి, ఫోన్ చూసి లెక్కపెట్టడానికి మేడమ్ ఒప్పుకోరు.