కాంకర్డ్ వైనా, మస్కడైన్ వైనా?

రెండూ అమెరికా సొంత ద్రాక్షలే. తియ్యటి రెడ్ వైన్ రెండిటితోనూ చేస్తారు. కానీ గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే తేడా తెలిసిపోతుంది.

కాంకర్డ్‌ది లాబ్రస్కా అనే అమెరికా ద్రాక్ష జాతి. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊళ్లో ఎఫ్రాయిమ్ బుల్ అనే ఆయన 1849లో విత్తనాల మొక్కల్లోంచి ఎంచి తీసిన రకం. ఇప్పుడు న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో ఈరీ సరస్సు పక్కన విస్తారంగా పండుతుంది. వైన్ సీసా మూత తీయగానే గ్రేప్ సోడా వాసన గుప్పుమంటుంది. అది ఆ పండులో ఉండే మిథైల్ ఆంత్రనిలేట్ అనే రసాయనం మహిమ. వైన్ పండితులు దీన్ని 'నక్క వాసన' అని ఈసడిస్తారు. నాకు మాత్రం బెంగళూరు బ్లూ ద్రాక్షను చిదిమినట్టే అనిపించింది. అదీ లాబ్రస్కా చుట్టమే మరి! తీపి వెనకాలే పులుపు వచ్చి నాలుక అంచుల్ని లాగుతుంది. బాగా చల్లబరిచి, కారం జీడిపప్పుతో తాగితే భలే కుదురుతుంది.

మస్కడైన్ ఆగ్నేయ రాష్ట్రాల ద్రాక్ష. నార్త్ కరోలినాలో దీనికి పెద్ద పేరు. పెద్ద గుత్తులుగా కాయదు, పండ్లు గోళీల్లా విడివిడిగా రాలతాయి, తోలు మందం. రెడ్ వైన్‌కి ఎక్కువగా నోబుల్ రకం వాడతారు. వాసన బాగా మగ్గిన పండుది, కాస్త మట్టి తగులుతుంది. రెండో గ్లాసుకి నాకు వెగటేసింది.

సీసా ఇంటికి తెచ్చుకోవాలంటే నేను కాంకర్డే తెచ్చుకుంటాను.