పాత కార్బొరేటర్ బండి, తగ్గని ఐడ్లింగ్: బెంగళూరులో ఏళ్లు నడిపాక చెబుతున్న మాట

నాది బీఎస్4 (ఇప్పటి బీఎస్6కు ముందున్న కాలుష్య నిబంధన) కాలం నాటి 150 సీసీ బండి, గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కు పంపే కార్బొరేటర్ ఉన్న మోడల్. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు వైపు రోజూ ఆఫీసుకు దీని మీదే వెళ్తాను. సీటు, బ్రేకుల గురించి ఫిర్యాదు లేదు. సిటీలో లీటరుకు 45 దాకా ఇస్తుంది. నేను చెప్పాలనుకున్నది ఇలాంటి బండ్లు పాతబడ్డాక చాలామందిని సతాయించే ఐడ్లింగ్ గురించి, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం గురించి.

మాన్యువల్ ప్రకారం ఇంజిన్ వేడెక్కాక మీటరు ముల్లు 1400 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర నిలబడాలి. నా బండి 2000 దాటి అరిచేది. పొద్దున బయల్దేరేటప్పుడు ఏమీ తెలిసేది కాదు, బండి వేడెక్కాక మొదలయ్యేది. యాక్సిలరేటర్ వదిలేసినా ముల్లు వెంటనే పడేది కాదు, కాసేపు పైనే ఆగి మెల్లగా దిగేది. న్యూట్రల్ నుంచి ఫస్ట్ గేర్ వేస్తే కటక్‌మని కుదుపు, వేగం తగ్గించేటప్పుడు సైలెన్సర్‌లో పటపటలు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో క్లచ్ కొంచెం వదిలితే చాలు, బండి ముందుకు తోసుకుపోయేది. ముందున్న కారుకు ఎక్కడ తగిలిస్తానో అని ఒకటే టెన్షన్.

చాలా గ్యారేజీల్లో దీనికి ఒకటే వైద్యం: స్క్రూడ్రైవర్ తీసి ఐడ్లింగ్ స్క్రూ తగ్గించేయడం. ఆ పూటకు శబ్దం తగ్గుతుంది, మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆగిపోతుంది. నాకు కోపం తెప్పించేది ఈ పద్ధతే. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలినప్పుడు కార్బొరేటర్‌లో గాలి దారి ఎంత తెరిచి ఉండాలో చెప్పడమే ఆ స్క్రూ పని. దాన్ని మొత్తం వదులు చేసినా ఆర్పీఎం దిగడం లేదంటే, గాలి ఇంకో దారిన వస్తోందన్నమాట, లేదా కేబుల్ ఆ దారిని పూర్తిగా మూసుకోనివ్వడం లేదన్నమాట. ముందు అది తేల్చాలి.

మా వీధిలో మదనపల్లె కుర్రాడు ఒకడు గ్యారేజీ నడుపుతాడు. "స్క్రూ సంగతి తర్వాత చూద్దాంలే అన్నా, ముందు హ్యాండిల్ అటూ ఇటూ తిప్పు" అన్నాడు. తిప్పినప్పుడు ఆర్పీఎం పెరిగితే కేబుల్ బిగిసిందని అర్థం. నా బండికి పెరగలేదు, యాక్సిలరేటర్ గ్రిప్‌లో ఉండాల్సిన రెండు మూడు మిల్లీమీటర్ల వదులు కూడా ఉంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి వాడే చోక్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో చూశాడు. తర్వాత ఇంజిన్ హెడ్డుకీ కార్బొరేటర్‌కీ మధ్య ఉండే మానిఫోల్డ్ రబ్బరు చుట్టూ నీళ్లు స్ప్రే చేశాడు. అడుగువైపు తడి తగలగానే ముల్లు ఒక్క క్షణం కిందికి జారి మళ్లీ లేచింది. నీళ్లు ఆ సందును క్షణం పాటు మూశాయన్నమాట. దొరికింది! కొందరు నీళ్లకు బదులు కార్బ్ క్లీనర్ కొడతారు కానీ అది భగ్గున అంటుకునే సరుకు, వేడి ఇంజిన్ మీద వద్దనే చెబుతాను.

రబ్బరు విప్పితే పైకి నున్నగానే ఉంది. బొటనవేళ్లతో వంచేసరికి అడుగున సన్నటి పగులు నోరు తెరిచింది. హెడ్డు వైపున్న ఓ-రింగు (సందు మూసే గుండ్రటి రబ్బరు వలయం) గట్టిపడి చదునైపోయింది. ఆ సందులోంచి దూరే గాలి కార్బొరేటర్ లెక్కలో ఉండదు, దానికి తగ్గ పెట్రోలు కలవదు. అందుకే ఆ అరుపు, ఆ పటపటలు, ఇంజిన్ అదనపు వేడి. ఏళ్ల తరబడి వేడి తిన్న రబ్బరు ఎండిపోవడం మామూలే. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది కాబట్టి పాత బండ్ల రబ్బర్లు, పైపుల మీద ఇంకాస్త కన్నేసి ఉంచాలి.

స్పేర్ పార్టులు అమ్మే జేసీ రోడ్డులో చవక రకం రబ్బరు కూడా దొరుకుతుంది. నేను కంపెనీదే తీసుకున్నాను, ఓ-రింగు కూడా కొత్తదే వేయించాను. పాతది వేస్తే పని సగమే చేసినట్టు. ఎలాగూ కార్బొరేటర్ దించాం కదా అని పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కు పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం) కూడా గాలి కొట్టి శుభ్రం చేశాడు. జెట్‌లో తీగ దూర్చేవాళ్లను ఆపండి, రంధ్రం పెద్దదైతే మిశ్రమం లెక్క చెడుతుంది. బండిని బాగా తిప్పి వేడెక్కించాక గాలి, పెట్రోలు పాళ్లు కుదిర్చే ఎయిర్ స్క్రూ సరిచేసి, అన్నిటికంటే చివర ఐడ్లింగ్ స్క్రూ ముట్టుకున్నాడు.

అప్పటినుంచి ఎండాకాలం, వానాకాలం రెండూ చూసింది. యాక్సిలరేటర్ వదలగానే ముల్లు పడుతుంది, క్లచ్ మీద చెయ్యి నొప్పి లేదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి, ఇక్కడ సెట్ చేసిన బండి నెల్లూరు వెళ్తే ఐడ్లింగ్‌లో కొద్దిగా తేడా రావచ్చు. అది జబ్బు కాదు, స్క్రూతో సరిపోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో ఐడ్లింగ్‌ను చాలావరకు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) చూసుకుంటుంది. అక్కడా రబ్బరు పగిలినా, గాలి దారి తెరిచి మూసే థ్రాటిల్ బాడీలో మసి పట్టినా ఇదే గోల.

సెకండ్ హ్యాండ్‌లో ఈ తరం బండి కొనేవాళ్లు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూసి మురిసిపోకండి. ట్రాఫిక్‌లో ఒక రౌండు తిప్పి, వేడెక్కాక ముల్లు చూడండి, టార్చి వేసి ఆ రబ్బరు అడుగుభాగం చూడండి. అది పగిలిందని మంచి బండిని వదులుకోనక్కర్లేదు, రబ్బరుకూ ఓ-రింగుకూ అయ్యే ఖర్చు బేరంలో తగ్గించుకుంటే సరి.