విదేశాలకు పెద్ద సైకిల్ ఫ్రేములు పంపడం: ఏడేళ్లలో తపాలా, కొరియర్, ఎయిర్ కార్గో

హైదరాబాద్ బాలానగర్‌లోని చిన్న వర్క్‌షాపులో స్టీలు గొట్టాలతో, కొలతలు తీసుకుని సైకిల్ ఫ్రేములు చేస్తాను. విదేశాల నుంచి వచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం కంపెనీ సైకిళ్లు సరిపోని పొడవైన మనుషులవే. నెదర్లాండ్స్ నుంచి 64 సెంటీమీటర్ల (సీటు కింది గొట్టం పొడవు) ఫ్రేము అడిగినవారు ఇప్పటికి చాలామంది ఉన్నారు. ఇలాంటి ఫ్రేములనూ, కొన్ని టాండెమ్ (ఇద్దరు కలిసి తొక్కే సైకిల్) ఫ్రేములనూ ఏడేళ్లుగా తపాలా ఈఎంఎస్‌లోనూ (విదేశాలకు వెళ్లే స్పీడ్ పోస్టు), కొరియర్లలోనూ, ఎయిర్ కార్గోలోనూ పంపాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: మామూలు ఫ్రేముకైనా, పెద్ద ఫ్రేముకైనా, పెట్టె కొలత హద్దులో ఉన్నంతవరకు తపాలాయే మేలు, ఆ హద్దు దాటితే నేరుగా ఎయిర్ కార్గోకు వెళ్లాలి, కొరియర్‌ను తొందర పని పడినప్పుడు మాత్రమే ఆశ్రయించాలి.

ఇందుకు కారణం బరువు కాదు, పెట్టె ఆక్రమించే చోటు. 64 సెంటీమీటర్ల ఫ్రేము, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం), అట్టపెట్టె అన్నీ కలిపి ఆరున్నర కిలోలకు మించవు. అయితే 112 × 72 × 20 సెంటీమీటర్ల ఆ పెట్టె ఘనపరిమాణాన్ని ఘన సెంటీమీటర్లలో లెక్కగట్టి కొరియర్లు 5000తో భాగించి, వచ్చిన 32.3 కిలోలకు డబ్బు తీసుకుంటాయి. ఈఎంఎస్‌లో నేను పంపిన పెట్టెలన్నిటికీ కాటా మీద తూగిన బరువుకే రుసుము కట్టాను. ఈ ఒక్క తేడాతోనే నా వంటి చిన్న తయారీదారుకు విదేశీ ఆర్డరు గిట్టుబాటవుతుంది.

తపాలాలో హద్దు గట్టిది. నేను పంపే దేశాలలో ఎక్కువ వాటికి ఏ ఒక్క వైపూ 150 సెంటీమీటర్లు దాటకూడదు, పొడవుకు మిగతా రెండు వైపుల చుట్టుకొలత కలిపితే 3 మీటర్లు మించకూడదు. పైన చెప్పిన పెట్టె లెక్క 296 సెంటీమీటర్లు వస్తుంది కాబట్టి సరిపోతుందని మొదటిసారి ధైర్యంగా తీసుకువెళ్లాను. కౌంటరులో ఉన్న ఉద్యోగిని టేపును పెట్టె అంచున కాక నడిమధ్యన చుట్టారు; లోపల ఫోర్కు ఒత్తుకుని అట్ట మూడు సెంటీమీటర్లు ఉబ్బి ఉండటంతో 302 వచ్చింది. ఆవిడ రెండోసారి కూడా ఓపికగా కొలిచి, "రెండు సెంటీమీటర్లే సార్, కానీ అక్కడ దిగాక వాళ్లు తిప్పి పంపేస్తే మీకే నష్టం" అన్నారు. ఆవిడ మాట నిజం. ఆ రోజు పెట్టెను ఆటోలో వెనక్కి తెచ్చుకుని, వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో దీర్ఘచతురస్రం గీసి, దానిలో ఫ్రేమును కొంచెం కొంచెంగా తిప్పి చూస్తే, టాప్ ట్యూబును (ఫ్రేము పై అడ్డ గొట్టాన్ని) నేరుగా కాక ఏటవాలుగా పెట్టినప్పుడు వెడల్పులో మూడు సెంటీమీటర్లు తగ్గాయి. అప్పటి నుంచి గొట్టాలు కోయకముందే సుద్దగీతలో పెట్టె కొలత చూసుకుంటున్నాను.

కొరియర్ విషయంలో నాకు ఎదురైన ఇబ్బంది కూడా ఆ ఉబ్బుతోనే మొదలైంది. నేను 112 × 72 × 20 అని రాసి ఇచ్చిన పెట్టెను వాళ్ల గోదాములో యంత్రం 113 × 74 × 24గా చదివింది. సరుకు చేరిన కొన్ని రోజులకు 40 కిలోల లెక్కన అదనపు బిల్లు వచ్చింది. కొనుగోలుదారు దగ్గర మళ్లీ అడగలేను కనుక నేనే కట్టాను. మరోసారి ఇంకొక కొరియర్‌లో వెళ్లిన ఫ్రేముకు ఎడమ సీట్ స్టే (సీటు దగ్గర నుంచి వెనుక చక్రానికి దిగే సన్న గొట్టం) నొక్కుకుపోయింది. ప్యాకింగ్ చాలలేదన్న ఒక్క వాక్యంతో పరిహారం తిరస్కరించారు. ప్యాకింగ్ ఎలా చేశానో చూపించడానికి నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. వేగం మాత్రం కాదనలేనిది: నాలుగైదు రోజుల్లో ఇంటి గుమ్మానికి చేరుస్తారు, ఎక్కడుందో పూటపూటకూ తెలుస్తుంది.

ఆ నష్టం తర్వాత ప్యాకింగ్ పూర్తిగా మార్చాను. మంచి స్టీలు గొట్టం చివర్లలో 0.7 మిల్లీమీటర్లు ఉన్నా నడుమ 0.4 మాత్రమే ఉంటుంది, బొటనవేలంత చోట బరువు పడినా సొట్ట పడుతుంది. రాణిగంజ్‌లో ఏసీ పైపులకు తొడిగే నల్లని ఫోమ్ గొట్టాలు కొని, చాకుతో నిలువునా చీల్చి, ప్రతి ట్యూబుకూ తొడుగుతాను. బబుల్ షీటు కంటే ఇది ఎంతో నయం, ఎందుకంటే జారదు, ఉబ్బదు. వెనుక డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే చీలికల) మధ్య ఫ్రేముకు తగ్గట్టు 135 లేదా 142 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీని నట్లతో బిగించడం తప్పనిసరి, లేకపోతే పక్క నుంచి పడిన ఒత్తిడికి రెండు కాళ్లూ లోపలికి వంగుతాయి. పెట్టె ఏడు పొరల అట్టతో చేయించాలి. సైకిల్ షాపుల పాత పెట్టెలు ఊరికే దొరుకుతాయి గానీ ఒకసారి మడతపడిన అట్టకు బలం ఉండదు. ప్రతి దశలో పక్కన టేపు పెట్టి ఫోటో తీస్తున్నాను. ఆ తర్వాత పంపిన వాటిలో ఒక్కటి కూడా దెబ్బతినలేదు.

టాండెమ్ ఫ్రేము సంగతి వేరు. 152 × 70 × 22 పెట్టెను తపాలా తీసుకోదు, కొరియర్ 46.8 కిలోలుగా లెక్కించి పైన భారీ సరుకు రుసుము కూడా వేస్తుంది. ఎయిర్ కార్గోలో 6000తో భాగిస్తారు కనుక అదే పెట్టె 39 కిలోలు అవుతుంది, కిలో ధర కూడా తక్కువ. శంషాబాద్ కార్గో టెర్మినల్ దగ్గర కస్టమ్స్ బ్రోకరు ద్వారా షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) వేయించాలి. బ్రోకరు, టెర్మినల్ ఖర్చులు ఒక పెట్టెకైనా నాలుగు పెట్టెలకైనా దాదాపు అంతే కాబట్టి ఒకే దేశానికి రెండు మూడు ఆర్డర్లు కూడేవరకు ఆగితే బాగా కలిసివస్తుంది. అటువైపు విమానాశ్రయానికి కొనుగోలుదారే వెళ్లి సుంకం కట్టి విడిపించుకోవాలి. ఈ మాట అడ్వాన్సు తీసుకునే ముందే చెప్పడం న్యాయం. చెక్క పెట్టె వాడితే 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడి చేసినట్టు ముద్ర ఉండాలి. ప్లైవుడ్‌కు ఆ బాధ లేదు.

కాగితాలలో ఎగుమతి కోడు ఉండాలి, జీఎస్టీ ఎల్‌యూటీని (ముందుగా పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) ఏటా కొత్తగా దాఖలు చేయాలి. ఇన్‌వాయిస్‌లో "సైకిల్ విడిభాగాలు" అని వదిలేయకుండా 8714 91 అనే ఫ్రేముల కోడు రాయాలి. యూరప్‌కు పంపేవారు ఇంకొకటి గమనించాలి: చైనా సైకిళ్ల మీద ఐరోపా సమాఖ్య వేసిన యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా వచ్చిపడే సరుకును అడ్డుకునే పన్ను) 1997 నుంచి రంగు వేసిన ఫ్రేముల వంటి ముఖ్య భాగాలకు కూడా వర్తిస్తోంది. అందుకే ఆసియా నుంచి వచ్చిన ఫ్రేము అసలు ఎక్కడ తయారైందని అడుగుతారు. రోటర్‌డామ్‌లో ఒక ఫ్రేము ఇలా ఆగితే, గొట్టాల కొనుగోలు బిల్లు, జిగ్ (గొట్టాలను కదలకుండా పట్టే చట్రం) మీద ఆ ఫ్రేము వెల్డింగ్ అవుతున్న ఫోటోలు పంపాక వదిలారు. అమెరికా ఆర్డర్లకు 2025 కష్టకాలం. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు ఆగస్టు 29న పోయింది, దానికి నాలుగు రోజుల ముందే తపాలా సేవ ఆగి అక్టోబరు 15న గానీ మళ్లీ మొదలు కాలేదు. అన్నాళ్లూ ఒక ఫ్రేము పెట్టెలోనే ఉండిపోతే, తేమకు తుప్పు పట్టకుండా వారానికోసారి విప్పి లోపల నూనె రాశాను.

ఇప్పుడు నేల మీద సుద్దగీతలో ఉన్నది కొత్త ఆర్డరు ఫ్రేము: 111 × 70 × 21, మొత్తం 293. ఉబ్బుకు ఏడు సెంటీమీటర్ల వెసులుబాటు ఉంది కనుక దీన్ని తపాలాలోనే పంపుతున్నాను.