అమ్మ వెతికిన రాతబల్ల

ఇంగ్లండ్‌లో డెవన్ తీరానికి, టార్కీ ఊరికి వెళ్ళబోయేవాళ్ళు ముందు ఇది చదవండి. "అగాథా క్రిస్టీ నవలలు రాసుకున్న గది" అని చెప్పి ఎవరైనా రాత్రికి ఇరవై పౌండ్లు ఎక్కువ అడిగితే ఇవ్వకండి. మేం ఇచ్చాం.

మా అమ్మ ప్రభుత్వాసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైంది. తెనాలిలో చదువుకునే రోజుల్లో అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చుకుని, తెల్లారేలోపు చదివి తిరిగిచ్చేసేదట. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల రచయిత్రి క్రిస్టీని ఆ తర్వాత పట్టుకుంది. ఈసారి ఇంగ్లండ్‌లో, రెడింగ్ ఊళ్ళో ఉన్న మా ఇంటికొచ్చినప్పుడు ఒక్కటే అడిగింది: "ఆవిడ కూర్చుని రాసిన బల్ల చూపించవే."

అందుకే టార్కీలో ఒక లాడ్జిలో ఆ గది తీసుకున్నాను. మామూలు గది 98, "ఆవిడ గది" 118. రెండు రాత్రులకు 236 పౌండ్లు, పక్కనే మడత మంచం వేసి ముగ్గురం. తీరా చూస్తే అది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కింది. సముద్రం కనిపిస్తుందన్నారు. నిజమే, కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగితే కనిపిస్తుంది. అమ్మ శాకాహారి అని ముందే రాశాను. పొద్దున పుట్టగొడుగులు అయిపోయాయని రెండు రొట్టెముక్కలు కాల్చి పెట్టారు. మా ఆయన మొహం మాడ్చుకుని కూర్చున్నారు. అమ్మ మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని "పాతిక వేలు!" అంది. కానీ గదిలో మూలనున్న బల్ల, దానిమీద పాత టైపురైటరు చూసి అన్నీ మర్చిపోయింది. ఆ బల్ల పక్కన నిలబడి నాలుగు ఫోటోలు తీయించుకుంది.

మొదటి రోజు మ్యూజియం, రేవు దగ్గరున్న క్రిస్టీ విగ్రహం, టార్ అబీ అనే పాత మఠంలో ఆవిడ కథల్లోని విషాలను దృష్టిలో పెట్టుకుని వేసిన మొక్కల తోట చూశాం. "గన్నేరు లేకుండా విషాల తోటేమిటే" అని అమ్మ వెతికింది.

టౌన్‌హాల్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని రెడ్‌క్రాస్ ఆసుపత్రిగా మార్చారు. క్రిస్టీ అక్కడ ముందు నర్సుగా, తర్వాత మందులిచ్చే విభాగంలో పనిచేసింది. చుట్టూ విషాల సీసాలు, పని లేని మధ్యాహ్నాలు. మొదటి నవల ఊహ అక్కడే పుట్టింది. అది 1920లో అచ్చయింది. అందులో విషం పనిచేసే తీరు ఎంత సరిగ్గా ఉందో ఫార్మసిస్టుల పత్రికే మెచ్చుకుంటూ రాసింది. ఇది చెప్పగానే అమ్మ అంది: "మరి! మందు సీసా అడుగున ఏం పేరుకుంటుందో మందులు కలిపిన చెయ్యికి తెలుస్తుంది." ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన గర్వం ఆ మాటలో వినిపించింది.

రెండో రోజు గ్రీన్‌వే. డార్ట్ నది ఒడ్డున ఉన్న ఈ ఇంటిని క్రిస్టీ 1938లో 6,000 పౌండ్లకు కొనుక్కుంది. ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. పడవలోనూ వెళ్ళొచ్చు కానీ, దిగాక ఎక్కాల్సిన దారి బాగా నిటారు, అందుకే టార్కీ నుంచి టాక్సీలో వెళ్ళాం, 36 పౌండ్లు. పెద్దవాళ్ళుంటే ఆ ఖర్చుకు వెనకాడకండి. సొంత కారైతే పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి.

లోపల అమ్మ గదిగదికీ బల్ల కోసమే చూసింది. లైబ్రరీలో గోడ పైభాగమంతా రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడున్న అమెరికన్ కోస్ట్‌గార్డ్ అధికారి వేసిన బొమ్మలు. వాటిని చెరిపేస్తామంటే క్రిస్టీ ఒప్పుకోలేదట. రాతబల్ల మాత్రం ఎక్కడా లేదు. చివరికి ఒక పెద్దావిడను, అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తున్నావిడను, అడిగాం. ఆవిడ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఎన్నో ఏళ్ళపాటు క్రిస్టీకి రాసుకోవడానికంటూ ఒక గదే లేదట. కదలని బల్ల, టైపురైటరు ఉంటే చాలు. పడగ్గదిలో మొహం కడుక్కునే పాలరాతి బల్లయినా సరే, రెండు భోజనాల మధ్య ఖాళీగా ఉన్న డైనింగ్ టేబులైనా సరే. ఈ ఇంట్లో అయితే కొత్త నవల రాతప్రతిని సాయంత్రాలు ఇంటివాళ్ళకు చదివి వినిపించేది, హంతకుడెవరో వాళ్ళు ఊహించాలి.

క్రిస్టీ నోటుపుస్తకాల సంగతి కూడా ఆ పెద్దావిడే చెప్పింది. బడిపిల్లల పుస్తకాల్లాంటివి, 73 మిగిలాయి. వరుస లేదు, చేతికి ఏది దొరికితే అందులో రాసేది. హత్య ఎవరు చేస్తే బాగుంటుందో ఎ, బి, సి అని రకరకాలుగా వేసుకున్న లెక్కల పక్కనే కొనాల్సిన సరుకుల జాబితా. ఇది విన్న అమ్మ కళ్ళు తుడుచుకుంది. మా ఇంట్లో పాల లెక్కలు, చీటీ డబ్బులు, అమ్మ ఎప్పుడో రాయాలనుకున్న కథలు అన్నీ ఒకే పుస్తకంలో ఉండేవని నాకప్పుడే గుర్తొచ్చింది.

అక్కడే టీ, స్కోన్లు అనే చిన్న బన్నుల్లాంటివి ముగ్గురికి 25 పౌండ్లు 50 పెన్నీలు. ప్రతి పెన్నీకీ తగినట్టుగా ఉన్నాయి. క్లాటెడ్ క్రీమ్ నోట్లో పెట్టుకుని "ఇది మన మీగడే" అంది అమ్మ. డెవన్‌లో ముందు మీగడ రాసి ఆపైన జామ్ వేస్తారు, అలాగే తినండి.

సాయంత్రం లాడ్జికి వచ్చాక మా ఆయన "అత్తయ్యా, నేను మాట్లాడతాను, మీరుండండి" అన్నా వినకుండా అమ్మే యజమాని దగ్గరికి వెళ్ళింది. క్రిస్టీ ఇక్కడ ఏ సంవత్సరంలో ఉంది, ఏ నవల రాసింది అని అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన దగ్గర సమాధానం లేదు. బల్ల, టైపురైటరు పాత సామాన్ల షాపులో కొన్నానని, వచ్చినవాళ్ళకు అలాంటివి నచ్చుతాయని చెప్పాడు. 40 పౌండ్లు తిరిగివ్వమన్నాం, ఇవ్వలేదు.

గదిలోకి రాగానే అమ్మ ఫోన్ నా చేతికిచ్చి, ఆ బల్ల దగ్గర తీసిన నాలుగు ఫోటోలూ తీసేయమంది.